ప్రైవేట్ స్కూల్ స్టాఫ్ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఎలా చేయాలి: వైజాగ్‌లో స్కూల్ నడిపేవాళ్ళకి

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే వైజాగ్‌లో ప్రైవేట్ స్కూళ్ళన్నిటికీ ఒకటే హడావిడి. మ్యాథ్స్ మేడమ్ మానేస్తానంటుంది, వ్యాన్ డ్రైవర్ పరవాడ ఫార్మా కంపెనీ బస్సు దొరికిందని వెళ్ళిపోతాడు, ఆయాల్లో ఒకావిడ పెళ్ళికని ఊరెళ్ళి ఇంక రాదు. జూన్ 12కి గేటు తెరవాలి కాబట్టి ఎవరో ఒకరు దొరికితే చాలనిపిస్తుంది, డెమో క్లాస్ బాగా చెప్పింది, జీతం కుదిరింది, రేపట్నుంచి వచ్చెయ్యమ్మా అనేస్తాం. వెరిఫికేషన్ అంటే ఆధార్ జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టడమే అనుకునే స్కూళ్ళు గాజువాక నుంచి తగరపువలస దాకా బోలెడు. ఇది చదివేవాళ్ళలో కరస్పాండెంట్లు ఉండొచ్చు, ఆఫీస్ పని చూసే ఏఓలు ఉండొచ్చు, చిన్న ప్లే స్కూల్ పెట్టుకున్న మేడమ్స్ కూడా ఉండొచ్చు, అందరికీ పనికొచ్చేలా వరసగా రాస్తున్నా.

చట్టం సంగతి ముందే చెప్పేస్తా, ఇది మన ఇష్టం మీద ఉన్న పని కాదు. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) రూల్స్ 2020లో 3వ రూల్ చూడండి, పిల్లలతో రెగ్యులర్‌గా టచ్‌లో ఉండే ఏ సంస్థైనా, స్కూల్ గానీ క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే సెంటర్) గానీ స్పోర్ట్స్ అకాడమీ గానీ, టీచింగ్, నాన్ టీచింగ్, పర్మనెంట్, కాంట్రాక్ట్ అని తేడా లేకుండా స్టాఫ్ అందరికీ పోలీస్ వెరిఫికేషన్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించాలి, అదీ ఒకసారి చేసి వదిలెయ్యకుండా మధ్యమధ్యలో మళ్ళీ చేయించాలి అని ఉంది. సీబీఎస్ఈ అయితే అంతకు ముందే, 2017 సెప్టెంబర్‌లో గురుగ్రామ్‌లో ఒక స్కూల్లోనే ఏడేళ్ళ బాబు హత్య జరిగాక, బస్సు డ్రైవర్లు కండక్టర్లు ప్యూన్లతో సహా అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించమని సర్క్యులర్ ఇచ్చింది. కాబట్టి "మాది చిన్న స్కూల్ అండీ" అంటే కుదరదు.

స్టెప్ 1: ఎవరెవరికి చేయాలో లిస్ట్ రాయండి

జీతాల రిజిస్టర్ ముందేసుకుని రాస్తే సగం మంది తప్పిపోతారు. దాని బదులు పొద్దున్న ఏడింటికి గేటు దగ్గర ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి, సాయంత్రం దాకా లోపలికి వచ్చే ప్రతి పెద్ద మనిషినీ రాయండి. శనివారం వచ్చే కరాటే మాస్టారు, యానివర్సరీకి నెల ముందు నుంచి వచ్చే డాన్స్ మాస్టారు, ఆయనతో పాటు వచ్చే అసిస్టెంట్ కుర్రాడు (వీడి పేరు ఎవరికీ తెలీదు), క్యాంటీన్ వాళ్ళు, వాటర్ క్యాన్ల అబ్బాయి, స్మార్ట్ బోర్డ్ రిపేర్‌కి వచ్చేవాళ్ళు, కరస్పాండెంట్ గారి బావమరిది ఊరికే వచ్చి ఆఫీసులో కూర్చునే ఆయన కూడా. వీళ్ళలో పిల్లల దగ్గరికి వెళ్ళే అవకాశం ఉన్నవాళ్ళని ఒక పక్క, అవకాశం లేనివాళ్ళని ఒక పక్క పెట్టండి. మొదటి పక్కన ఉన్నవాళ్ళందరికీ పూర్తి చెక్, రెండో పక్క వాళ్ళకి గేట్ రిజిస్టర్, ఐడీ, వెంట మన మనిషి ఒకరు, అంతే సరిపోతుంది.

ఎందుకింత పట్టుదలంటే, 2022 అక్టోబర్‌లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో బయటపడ్డ కేసు గుర్తుండే ఉంటుంది, నాలుగేళ్ళ పాప మీద స్కూల్లోనే లైంగిక దాడి. నిందితుడు టీచర్ కాదు, బస్సు డ్రైవర్ కూడా కాదు, ప్రిన్సిపాల్ గారి కారు డ్రైవర్. కారు నడపడానికి పెట్టుకున్న మనిషి క్లాస్‌రూముల్లోకి వెళ్తుంటే ఎవరూ అడగలేదు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ళు శిక్ష వేసింది. మీ స్కూల్లో అలా పేరుకి ఒక పని, తిరిగేది ఇంకోచోట అనేవాళ్ళు ఎవరున్నారో ఒకసారి ఆలోచించండి, లిస్టులో వాళ్ళ పేర్లు పైన రాయండి.

స్టెప్ 2: అప్లికేషన్ ఫారం మార్చండి

చాలా స్కూళ్ళ ఫారంలో పేరు, క్వాలిఫికేషన్, ఎక్స్‌పీరియన్స్, ఎక్స్‌పెక్టెడ్ శాలరీ, ఇంతే ఉంటాయి. అందులో ఈ కింది విషయాలు చేర్చండి, లేకపోతే తర్వాత ఏం చెక్ చెయ్యాలన్నా మీ చేతిలో సరుకుండదు.

ఇంటి పేరుతో సహా పూర్తి పేరు, టెన్త్ మెమోలో ఎలా ఉంటే అలా. ఆధార్‌లో వేరేలా ఉంటే అదీ. మన దగ్గర పేర్ల గోల తెలిసిందేగా, మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో మొత్తం, పెళ్ళయ్యాక ఆడవాళ్ళకి ఇంకో ఇంటిపేరు, లైసెన్స్‌లో తండ్రి పేరు కలిపేసి ఇంకోటి. పోలీసులకి ఒక పేరే ఇస్తే ఆ ఒక్క పేరే వెతుకుతారు.

గత ఐదేళ్ళలో ఉన్న అడ్రస్‌లన్నీ. ఇప్పుడు పీఎం పాలెంలో అద్దెకుంటున్నాడు సరే, అంతకుముందు? రాజమండ్రా, బరంపురమా, దుబాయా?

పనిచేసిన ప్రతి స్కూల్, రెండు నెలలు చేసినా సరే, చేరిన నెల, మానేసిన నెల, ఎందుకు మానేశారు, అప్పటి ప్రిన్సిపాల్ పేరు. ట్యూషన్ సెంటర్లు, హాస్టల్ వార్డెన్ పనులు కూడా.

"మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు ఉందా, ఇప్పుడు నడుస్తోందా, ఏ స్కూల్లోనైనా పిల్లల విషయంలో కంప్లైంట్ గానీ మెమో గానీ వచ్చిందా" అని సూటిగా ప్రశ్న, కింద అవును కాదు, కింద సంతకం. మొహమాటపడి ఈ ప్రశ్న తీసెయ్యకండి. ఈ ఒక్క ప్రశ్న చూసి ఫారం ఇంటికెళ్ళి నింపుకొస్తానని చెప్పి మళ్ళీ రానివాళ్ళు ఉంటారు, మీకు పని తగ్గినట్టే.

చివర్లో ఒప్పుదల. నా సర్టిఫికెట్లు, పాత ఉద్యోగాలు, పోలీస్ రికార్డు చెక్ చేసుకోడానికి ఫలానా స్కూల్‌కి అనుమతి ఇస్తున్నాను అని తెలుగులో రెండు లైన్లు. 2023లో డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, మనిషికి చెప్పకుండా వాళ్ళ వివరాలు తీసి అందరికీ పంచడం రేపు మనకే చుట్టుకుంటుంది. ఆయాలకీ డ్రైవర్లకీ ఇంగ్లీష్ ఫారం ఇచ్చి ఇక్కడ సంతకం పెట్టు అనడం మాత్రం దయచేసి చెయ్యకండి, చదివి వినిపించండి.

స్టెప్ 3: కాగితాలు

ఆధార్ జిరాక్స్ చూసి ఊరుకోవద్దు. కార్డు మీద క్యూఆర్ ఉంటుంది కదా, ఆధార్ వాళ్ళ స్కానర్ యాప్‌తోనే స్కాన్ చేస్తే పేరు, ఫొటో వస్తాయి, కార్డు మీదున్నవాటితో పోల్చుకోండి. ఫొటోషాప్ చేసిన కార్డులు ఇక్కడే దొరికిపోతాయి. ఫైల్లో పెట్టుకోడానికి మొదటి ఎనిమిది అంకెలు దాచేసిన మాస్క్‌డ్ కాపీ చాలు.

పుట్టిన తేదీకి టెన్త్ మెమో చూడండి. డిగ్రీలు డిజీలాకర్‌లో ఉంటే వాళ్ళ ఫోన్‌లోనే మీ ఎదురుగా ఓపెన్ చేసి చూపించమనండి, వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ లెక్కలోకి రాదు. డిజీలాకర్‌లో లేని పాత డిగ్రీలకి యూనివర్సిటీకే రాయాలి, ఆంధ్రా యూనివర్సిటీ అయితే మనకి పక్కనే కదా, జెన్యూన్‌నెస్ వెరిఫికేషన్‌కి ఎగ్జామినేషన్స్ సెక్షన్‌కి ఫీజు కట్టి లెటర్ పెడితే వాళ్ళే రాతపూర్వకంగా జవాబిస్తారు. అందరికీ పెట్టక్కర్లేదు, అనుమానం ఉన్నవాటికి పెట్టండి.

అనుమానం ఎక్కడ రావాలంటే, ముఖ్యంగా బీఎడ్ దగ్గర. 2015 నుంచి బీఎడ్ రెండేళ్ళ కోర్సు, అంతకుముందు ఏడాది. 2018లో చేరి 2019లో బీఎడ్ అయిపోయిందని సర్టిఫికెట్ పెడితే అక్కడే ఆగి అడగండి. ఇంకోటి, మధురవాడలో ఫుల్‌టైమ్ ఉద్యోగం చేసిన అవే రెండేళ్ళలో వేరే రాష్ట్రంలో రెగ్యులర్ బీఎడ్ ఎలా చేశారు? రెజ్యూమే తేదీలూ సర్టిఫికెట్ తేదీలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాస్తే చాలు, ఎవరికీ ఫోన్ చెయ్యకుండానే చాలా బయటపడతాయి. కాలేజీకి ఎన్‌సీటీఈ (బీఎడ్ కాలేజీలకి గుర్తింపు ఇచ్చే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉందా లేదా వాళ్ళ సైట్‌లో చూడండి, యూనివర్సిటీ పేరు కొత్తగా అనిపిస్తే యూజీసీ వాళ్ళ ఫేక్ యూనివర్సిటీల లిస్ట్ కూడా చూడండి. అదంతా ఎక్కడో ఢిల్లీలో యూపీలో గొడవ అనుకుంటారు, ఆ లిస్టులో మన వైజాగ్ అడ్రస్‌తో కూడా ఒకటుంది.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. చూడ్డం అయిపోగానే ఒరిజినల్స్ వెనక్కి ఇచ్చెయ్యండి. మన ప్రైవేట్ స్కూళ్ళలో ఒరిజినల్స్ బీరువాలో పెట్టేసుకుని మధ్యలో మానేస్తే ఇవ్వం అని బెదిరించే అలవాటు ఒకటుంది, దానికి వెరిఫికేషన్ అని పేరు కూడా పెట్టేస్తారు. అది వెరిఫికేషన్ కాదండీ, జులుం. పైగా అలాంటి పేరున్న స్కూల్‌కి నిజంగా మంచి టీచర్లు రారు, వేరే దారి లేనివాళ్ళే వస్తారు.

స్టెప్ 4: పాత స్కూల్‌కి ఫోన్

నా లెక్కలో మొత్తం పనిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, జనం అన్నిటికన్నా తేలిగ్గా వదిలేసేదీ ఇదే. పోలీస్ వెరిఫికేషన్‌లో కేసు అయితేనే కనిపిస్తుంది. మన దగ్గర పిల్లల మీద జరిగే తప్పుల్లో చాలావరకు కేసు దాకా వెళ్ళవు, పేరెంట్స్ పరువుకని ఊరుకుంటారు, మేనేజ్‌మెంట్ పేరు పోతుందని ఊరుకుంటుంది, ఆ మనిషి చేత రిజైన్ లెటర్ రాయించుకుని, చక్కగా ఒక ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కూడా చేతిలో పెట్టి పంపించేస్తారు. "హిజ్ కాండక్ట్ ఈజ్ గుడ్" అని రాసిన ఆ కాగితమే మీ టేబుల్ మీదికొస్తుంది. కొన్ని బ్రాంచ్‌లున్న స్కూళ్ళయితే మానిపించను కూడా మానిపించవు, గాజువాక బ్రాంచ్ నుంచి మధురవాడ బ్రాంచ్‌కి ట్రాన్స్‌ఫర్ అంతే.

అందుకే మొదట రెజ్యూమేలో ఇచ్చిన నంబర్‌కి చెయ్యకండి, అది వాళ్ళ ఫ్రెండ్‌ది అయ్యుండొచ్చు. స్కూల్ బోర్డు మీద, డైరీ మీద ఉండే ఆఫీస్ నంబర్‌కి చెయ్యండి, అక్కడ్నుంచి ప్రిన్సిపాల్‌ని అడగండి. పొద్దున్న అసెంబ్లీ టైములో చేస్తే ఎవరూ మాట్లాడరు, మధ్యాహ్నం రెండున్నర మూడు మధ్యలో చేస్తే తీరిగ్గా దొరుకుతారు. సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్తే మేడమ్, ఫలానా స్కూల్ నుంచి మాట్లాడుతున్నాను. మీ దగ్గర పనిచేసిన పీఈటీ మాస్టారు మా దగ్గర అప్లై చేశారండి, వెరిఫికేషన్‌కి మీ పేరు రాసి సంతకం కూడా పెట్టారు."

"ఆఁ, చేశారండి. బానే చేశారు."

"ఎప్పట్నుంచి ఎప్పటిదాకా మేడమ్?"

"జూన్‌లో చేరారు, నవంబర్‌లో అనుకుంటా వెళ్ళిపోయారు."

"ఫారంలో ఏప్రిల్ దాకా అని రాశారండి. నవంబర్‌లో మధ్యలో ఎందుకు మానేశారు?"

"అంటే... పర్సనల్ అన్నారు లెండి."

"పిల్లల గురించి గానీ పేరెంట్స్ నుంచి గానీ ఏమైనా వచ్చిందా మేడమ్?"

"అలాంటివి మనం ఫోన్‌లో మాట్లాడుకోకూడదు కదండీ."

ఇక్కడ ఫోన్ పెట్టేసి సరేలే అనుకోకండి. ఏమీ లేకపోతే "అబ్బే, అలాంటిదేం లేదండీ" అని టక్కున వస్తుంది జవాబు. రాలేదంటే "మీరు నన్ను రమ్మంటే వచ్చి కలుస్తాను మేడమ్" అనండి, బండేసుకుని వెళ్ళండి, వైజాగ్ ఎంతండీ, ఎన్ఏడీ జంక్షన్ దాటితే ఎక్కడికైనా గంట. ఎదురుగా కూర్చుంటే ఫోన్‌లో చెప్పనివి చెప్తారు. ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి, "ఆయన మళ్ళీ వస్తానంటే మీరు తీసుకుంటారా?" అని. దీనికి అబద్ధం చెప్పడం ఎందుకో మనవాళ్ళకి కష్టం.

ప్రిన్సిపాల్ ఒక్కరితోనే ఆపకండి. అక్కడి కోఆర్డినేటర్, అక్కడి ఆయా, వ్యాన్ డ్రైవర్, వీళ్ళకి తెలిసినంత ఆఫీసుకి తెలీదు. అలాగని టీ కొట్టు దగ్గర విన్నదల్లా నమ్మెయ్యమని కాదు, నోటీస్ ఇవ్వకుండా మానేసిందన్న కోపంతో ఆ మేడమ్ మంచిది కాదండీ అనే మేనేజ్‌మెంట్లు ఉన్నాయి, జీతం బకాయి అడిగినందుకు చెడ్డవాడైపోయిన మాస్టార్లు బోలెడుమంది. క్లాస్ సరిగ్గా చెప్పదు, లేటుగా వస్తుంది, యూనియన్ మాటలు మాట్లాడతాడు, ఇలాంటివి వేరు. పిల్లల్ని ఒంటరిగా పిలవడం, ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టడం, కొట్టడం, ఇవి వేరు. రెండో రకం మాట ఇద్దరి నోట విడివిడిగా వస్తే ఇంక ఆ అప్లికేషన్ పక్కన పెట్టేయండి.

ఉద్యోగాల మధ్య గ్యాప్ ఉంటే మర్యాదగానే అడగండి. ఆడవాళ్ళకి డెలివరీ, పిల్లలు, అత్తగారి అనారోగ్యం, సవాలక్ష ఉంటాయి. పీఎఫ్ కట్టే స్కూల్లో చేసినవాళ్ళయితే ఉమంగ్ యాప్‌లో వాళ్ళ యూఏఎన్ (పీఎఫ్ నంబర్) సర్వీస్ హిస్టరీ తెరిస్తే చేరిన తేదీ, వదిలేసిన తేదీ కనిపిస్తాయి, గ్యాప్ లెక్క తేలిపోతుంది. చేతికి క్యాష్ ఇచ్చే స్కూళ్ళకి ఇది పనిచెయ్యదు, అలాంటి స్కూళ్ళు మన దగ్గర చాలానే ఉన్నాయి.

స్టెప్ 5: పోలీస్ వెరిఫికేషన్

ముందు ఒక అపోహ. "మా డ్రైవర్ దగ్గర పాస్‌పోర్ట్ ఆఫీస్ పీసీసీ ఉందండీ" అంటారు. మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసు వాళ్ళు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ విదేశాలకి వెళ్ళేవాళ్ళ కోసం. ఎప్పుడో గల్ఫ్‌కి తీసుకున్న కాగితం ఇప్పుడు మీ స్కూల్‌కి పనికిరాదు. రెండో అపోహ, మనకి తెలిసిన కానిస్టేబుల్ ఉన్నాడు, ఫోన్‌లో చూసి చెప్తాడు అనేది. రేపు ఏదైనా జరిగితే ఆ ఫోన్ కాల్‌కి సాక్ష్యం ఉండదు, పాపం ఆ కానిస్టేబుల్ ఉద్యోగానికి కూడా ఇబ్బంది.

సరైన పద్ధతి ఇది. స్కూల్ లెటర్‌హెడ్ మీద, పోక్సో రూల్స్ 2020, 3వ రూల్ ప్రకారం మా స్టాఫ్ యాంటిసిడెంట్స్ (పాత చరిత్ర) వెరిఫై చేసి ఇవ్వమని రిక్వెస్ట్ రాయండి. కింద టేబుల్: పూర్తి పేరు, వేరే పేర్లు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, ఇప్పటి అడ్రస్, పాత అడ్రస్‌లు, ఫోన్, ఏ పనికి తీసుకుంటున్నారు. ఒక్కొక్కరికీ ఫొటో, ఆధార్ కాపీ, ఒప్పుదల కాపీ వెనక జత చెయ్యండి. స్కూల్ గుర్తింపు ఆర్డర్ కాపీ ఒకటి పైన పెడితే మీరెవరని అడిగే పని ఉండదు. రెండు సెట్లు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోండి, ఇది చాలా ముఖ్యం. జవాబు రావడానికి టైం పట్టినా మీరు అడిగారనడానికి ఆ ముద్రే ఆధారం. ఫీజు, ఆన్‌లైన్‌లో పెట్టాలా అనేది అప్పుడే స్టేషన్ రైటర్ (రికార్డులు రాసే కానిస్టేబుల్) గారిని అడిగి తేల్చుకోండి.

అందరి పేర్లూ మీ స్కూల్ ఉన్న స్టేషన్‌లో ఇచ్చేస్తే సరిపోదు, మనిషి ఎక్కడుంటే అక్కడి స్టేషన్ చూడాలి. టీచర్ అరిలోవలో ఉంటే అరిలోవ, ఆయా కంచరపాలెంలో ఉంటే కంచరపాలెం. ఇంకో చిక్కు, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అనకాపల్లి, పాడేరు వైపు వాళ్ళు మన జిల్లా కాదు. రోజూ ట్రైన్‌లో అనకాపల్లి నుంచి వచ్చే మేడమ్‌కి, విజయనగరం నుంచి వచ్చే సారుకి వాళ్ళ వాళ్ళ జిల్లాలో చేయించాలి. ఒడిశా నుంచి వచ్చిన వాచ్‌మన్ అయితే అక్కడి సొంతూరి స్టేషన్‌కి కూడా రాయాలి, ఇక్కడ అద్దెకి దిగి నాలుగు నెలలైన మనిషి గురించి ఇక్కడి స్టేషన్‌కి ఏం తెలుస్తుంది చెప్పండి.

లైంగిక నేరాలు చేసినవాళ్ళ నేషనల్ డేటాబేస్ 2018 నుంచి ఉంది, కానీ అది పోలీసులకే కనిపిస్తుంది, మనకి ఓపెన్ అవ్వదు. ఆన్‌లైన్‌లో డబ్బులిస్తే అది చూసి చెప్తాం అనే ఏజెన్సీ ఎవరైనా తగిలితే నవ్వి ఫోన్ పెట్టేయండి.

రిపోర్ట్ వచ్చేలోపు స్కూల్ తెరవాల్సి వస్తే అపాయింట్‌మెంట్ లెటర్‌లో "పోలీస్ వెరిఫికేషన్‌కి లోబడి" అని రాసి తీసుకోండి. అప్పటిదాకా ఆ మనిషికి చిన్న పిల్లల టాయిలెట్ డ్యూటీ, స్పెషల్ క్లాసులు, ఒంటరిగా వ్యాన్ ట్రిప్ ఇవ్వద్దు.

స్టెప్ 6: కోర్టు రికార్డు మీరే చూడొచ్చు

ఈకోర్ట్స్ సైట్ గానీ యాప్ గానీ తీసి, ఆంధ్రప్రదేశ్, విశాఖపట్నం, కోర్టు కాంప్లెక్స్ సెలెక్ట్ చేసి, పార్టీ పేరు, సంవత్సరం ఇచ్చి వెతకండి. సంవత్సరం మార్చి మార్చి చూడాలి, కాస్త విసుగు పని. మన ఊళ్ళో అప్పలరాజులూ నూకరాజులూ వీధికి పది మంది ఉంటారు కాబట్టి పేరు కలిసిందని గుండెలు బాదుకోకండి, తండ్రి పేరు, ఊరు కలవాలి, కలిసినా ముందు ఆ మనిషినే అడగాలి. కొన్ని సున్నితమైన కేసుల వివరాలు అక్కడ చూపించరు కాబట్టి ఏమీ రాకపోతే మనిషి క్లీన్ అని కూడా అనుకోకూడదు.

స్టెప్ 7: డ్రైవర్లు, క్లీనర్లు, వాచ్‌మన్‌లు

డ్రైవర్ లైసెన్స్ నంబర్, పుట్టిన తేదీ పరివాహన్ సైట్‌లో కొడితే ఏ బండికి లైసెన్స్, ఎప్పటిదాకా అని వస్తుంది. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ ఐదేళ్ళకోసారి రెన్యూవల్, అది ముగిసిపోయి తిరిగేవాళ్ళు ఉంటారు. ఈ-చలాన్ సైట్‌లో లైసెన్స్ నంబర్‌తోనూ చూడొచ్చు. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1997లోనే ఢిల్లీ స్కూల్ బస్సులకి చెప్పింది, హెవీ వెహికల్ నడిపిన అనుభవం ఐదేళ్ళుండాలి, ఓవర్‌స్పీడ్ గానీ తాగి నడపడం గానీ ఒక్కసారి పట్టుబడినా పెట్టుకోకూడదు అని. ఇక్కడ కూడా అదే కొలత పెట్టుకోండి, వయసు అరవై దాటకూడదు, ఏటా కళ్ళు, బీపీ, షుగర్ చూపించండి.

అసలు కన్నం యాక్టింగ్ డ్రైవర్ దగ్గర ఉంటుంది. రెగ్యులర్ డ్రైవర్‌కి జ్వరం వస్తే వాడే తన బంధువుని పంపిస్తాడు, ఆ రోజు ముప్పై మంది పిల్లలు మీకు పేరు కూడా తెలియని మనిషి వెనక కూర్చుంటారు. ముందే ఇద్దరు స్పేర్ డ్రైవర్లకి పూర్తి వెరిఫికేషన్ చేయించి పెట్టుకోండి, వాళ్ళు తప్ప ఇంకెవరికీ తాళం ఇవ్వకూడదని కాంట్రాక్టర్‌తో రాయించుకోండి. పేరెంట్స్ సొంతంగా మాట్లాడుకునే ఆటోలు, ప్రైవేట్ వ్యాన్లు మీ బాధ్యత కాదని ఊరుకోకుండా నంబర్లు, డ్రైవర్ ఫొటోలు ఒక రిజిస్టర్‌లో అయినా ఉంచండి.

సెక్యూరిటీ గార్డులు ఏజెన్సీ నుంచి వస్తే 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్స్ ఉందా చూడండి, గార్డు ప్రవర్తన వెరిఫై చెయ్యడం ఆ చట్టం ప్రకారం ఏజెన్సీ పనే. కానీ "మేం చేయించాం సార్" అన్న మాట కాదు, ప్రతి గార్డు రిపోర్ట్ కాపీ మీ ఫైల్లోకి రావాలి, గార్డుని మార్చినప్పుడల్లా కొత్త కాపీ. వైజాగ్‌లో నేవీ నుంచి రిటైరైనవాళ్ళు ఈ పనికి బాగానే దొరుకుతారు, డిశ్చార్జ్ బుక్ చూడండి, అయినా మిగతా చెక్‌లు మానకండి. యూనిఫాం వేసుకున్నాడు కదా అని వదిలేసేది ఏదీ ఉండకూడదు.

స్టెప్ 8: ఏదైనా బయటపడితే

పిల్లల మీద నేరం, లైంగిక నేరం, డ్రగ్స్ అమ్మకం, వీటిలో శిక్ష పడినా కేసు నడుస్తున్నా తీసుకోవద్దు, ఇందులో ఆలోచించేదేం లేదు. కోర్టు కొట్టేసిందంటే జడ్జిమెంట్ కాపీ అడిగి, సాక్షులు మాట మార్చడం వల్ల కొట్టేశారా, అసలు జరగలేదని కొట్టేశారా చదవండి, అర్థం కాకపోతే లాయర్‌కి చూపించండి.

కానీ కేసు అన్న మాట వినగానే అందరినీ ఒకే గాటన కట్టకండి. స్టీల్ ప్లాంట్ ప్రైవేటీకరణకి వ్యతిరేకంగా కూర్మన్నపాలెం జంక్షన్‌లో రోడ్డు మీద కూర్చున్నందుకు కేసు పడ్డ మాస్టారు మీ పిల్లలకి ఏ రకంగానూ ప్రమాదం కాదు. అన్నయ్య కాపురం గొడవలో 498ఎ కేసులో పేరు ఇరికిన చెల్లెలు టీచర్ అయ్యుండొచ్చు. చెక్ బౌన్స్ అయితే అకౌంట్స్ పోస్ట్‌కి ఆలోచించండి, తెలుగు టీచర్‌కి కాదు. ఇలాంటివి ఫారంలో నిజం రాసినవాళ్ళని మెచ్చుకోవాలి. చిన్న కేసే అయినా దాచిపెట్టారంటే, దాన్ని పెద్దగానే తీసుకోండి. ఏదైనా సరే, వద్దనే ముందు ఆ మనిషిని పిలిచి, తలుపు వేసి, మాకు ఇలా తెలిసింది మీరేమంటారు అని ఒక్కసారి అడగండి. స్టాఫ్ రూమ్ వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం వెయ్యకండి.

స్టెప్ 9: చేరాక

ఒక్కొక్కరికి ఒక ఫైల్, పైన ఒక చెక్‌లిస్ట్ కాగితం, ఏది ఏ తేదీన చూశారు, ఎవరు చూశారు, ఎవరితో ఫోన్ మాట్లాడారు, ఏం చెప్పారు, సంతకం. తాళం ప్రిన్సిపాల్ దగ్గర. డీఈఓ ఆఫీస్ నుంచో బోర్డు నుంచో ఇన్‌స్పెక్షన్‌కి వస్తే ఇదే చూపిస్తారు.

మళ్ళీ ఎప్పుడు చేయించాలంటే, నేనైతే రెండేళ్ళకోసారి అంటాను, డ్రైవర్లకి ప్రతి ఏడాదీ, మే నెలలో బస్సుల ఫిట్‌నెస్ పనితో కలిపేస్తే మర్చిపోరు. పదిహేనేళ్ళ నుంచి ఉన్న అటెండర్‌కి మొదటిసారి ఫారం ఇస్తే "నన్నే అనుమానిస్తారా బాబూ" అని బాధపడతాడు. కరస్పాండెంట్ గారు తన ఫారం ముందు నింపి, స్టేషన్‌కి పంపే లిస్టులో తన పేరు ఒకటో నంబర్ వేసుకుంటే ఆ గొడవ అక్కడితో సరి.

వెరిఫికేషన్ అంతా క్లీన్‌గా వచ్చిన మనిషి మీద కూడా రేపు పిల్లలో పేరెంట్సో ఏదైనా చెప్తే ఫైల్ తీసి "రిపోర్ట్ బాగానే ఉందండీ" అని వాదించకండి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన వెంటనే పోలీసులకి చెప్పాల్సిందే, మనం లోపల ఎంక్వైరీ వేసి తేల్చుకున్నాక చెప్తాం అనేది చెల్లదు. కింద పనిచేసేవాళ్ళ తప్పు తెలిసి సంస్థ పెద్ద రిపోర్ట్ చెయ్యకపోతే 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. 1098 (చైల్డ్ హెల్ప్‌లైన్), 112 (ఎమర్జెన్సీ) నంబర్లు స్టాఫ్ రూమ్‌లోనే కాదు, పిల్లలకి కనపడేలా వాటర్ ట్యాప్‌ల దగ్గర కూడా పెద్ద అక్షరాలతో రాయించండి.

ఆ మనిషిని పంపించేస్తే, రేపు ఇంకో స్కూల్ నుంచి మీకు ఫోన్ వస్తుంది, మధ్యాహ్నం రెండున్నరకి. అప్పుడు ఏం చెప్పాలో, ఎవరు చెప్పాలో ఆ ఫైల్లోనే రాసి పెట్టుకోండి: చేరిన తేదీ, మానిపించిన తేదీ, కారణం, ఎఫ్ఐఆర్ నంబర్ ఉంటే అది కూడా.